కిరణ్ విమానాన్ని స్తంభం ఎక్కించకండి, పిల్లలకు అందేలా నేల మీద ఉంచండి

వైమానిక దళ ట్రైనింగ్ కమాండ్ అధికారులకు, దుండిగల్ అకాడమీ, హకీంపేట స్టేషన్ పెద్దలకు, తెలంగాణ విద్యా, పర్యాటక శాఖల వారికి,

నమస్కారం.

నేను మేడ్చల్ దగ్గర ఒక ప్రభుత్వ హైస్కూల్లో ఫిజికల్ సైన్సు చెబుతాను. మా ఇంట్లో ఎవరూ సైన్యంలో పని చేయలేదు. విమానాల గురించి మీకు చెప్పేంతటి వాణ్ని కాను. కానీ ఊహ తెలిసినప్పటి నుంచి, పైలట్లకు ఎగరడం నేర్పే కిరణ్ జెట్ విమానం చప్పుడు కింద పెరిగినవాణ్ని. ఆ విమానానికి వయసు మీద పడింది. ఇవాళ కాకపోతే రేపు చివరి కిరణ్ కూడా దిగి ఇంజను ఆపేస్తుంది. ఆ రోజు వచ్చాక అడిగితే ఆలస్యమవుతుందని ఇప్పుడే రాస్తున్నాను. హకీంపేటలోనో దుండిగల్‌లోనో ఎగిరిన కిరణ్ ఒక్కదాన్ని ఈ చుట్టుపక్కల ఊళ్ళ పిల్లలకు ఇవ్వండి. గేటు ముందు స్తంభం ఎక్కించి కాదు. నేల మీద, చేతికి అందేలా, కాక్‌పిట్‌లోకి ఎక్కి కూర్చునేలా.

ఇది ఎందుకు అడుగుతున్నానో చెప్పాలంటే మా ద్రాక్షతోట దగ్గర మొదలుపెట్టాలి.

1980ల మొదట్లో మేడ్చల్, శామీర్‌పేట వైపు ఎటు చూసినా ద్రాక్షతోటలే. ఇప్పుడు అపార్టుమెంట్లు ఉన్న చాలా చోట్ల అప్పుడు రాతి కడీలు, వాటి మీద తీగల పందిరి, కింద చల్లటి నీడ ఉండేవి. మాదీ రెండెకరాల అనాబ్-ఎ-షాహీ తోట. కాయ పండుబారే రోజుల్లో బడి లేనప్పుడల్లా నా పని చిలకలను, గోరింకలను తోలడం. చేతిలో పాత డాల్డా డబ్బా, ఒక కట్టె. పందిరి కింద నిలబడి డబ్బా కొడుతుంటే ఆకుల సందుల్లోంచి ఆకాశం ముక్కలు ముక్కలుగా కనిపించేది. ఆ ముక్కల్లో ఒకదాన్నుంచి ఇంకోదాంట్లోకి కిరణ్ దూకేది.

మొదట్లో నాకు అది దొరికేది కాదు. చప్పుడు వినబడిన వైపు చూస్తే అక్కడ ఖాళీ ఆకాశమే. కొన్నాళ్ళకు కిటుకు తెలిసింది. చప్పుడు ఉన్నచోట కాదు, దానికంటే ముందుకు, అది వెళ్తున్న వైపు చూడాలి. శబ్దం మన దాకా రావడానికి కిలోమీటరుకు దాదాపు మూడు సెకన్లు పడుతుందని, ఆ మూడు సెకన్లలో విమానం ఎంతో దూరం పోతుందని అప్పుడు నాకు తెలియదు. ఇప్పుడు ధ్వని వేగం పాఠం అక్కడే మొదలుపెడతాను. పిల్లలను గ్రౌండులోకి తీసుకొచ్చి, విమానం పోతుంటే ఒక చేత్తో చప్పుడు వస్తున్న వైపు, ఇంకో చేత్తో విమానం వైపు చూపించమంటాను. రెండు చేతుల మధ్య ఉన్న దూరమే ఆ రోజు పాఠం. పుస్తకంలో ఉన్న సూత్రం ఆ తర్వాత చెబితే ఎవరూ మరిచిపోరు.

మా అవ్వకు కిరణ్ అనే పేరు నోరు తిరగలేదు. ఆమెకు అన్నీ గాలిమోటర్లే. "గాలిమోటరు లేసింది, పొయ్యి ముట్టియ్యుర్రి" అనేది పొద్దున్నే. మా ఇంట్లో గోడ గడియారం కొన్నది ఆ తర్వాత చాలా ఏళ్ళకు. ఆదివారం పొద్దున ఆకాశం నిశ్శబ్దంగా ఉంటే, "ఇయ్యాల వాళ్ళకు గూడ సెలవే" అని తృప్తిగా తాంబూలం వేసుకునేది. గర్భిణీ బర్రెలు బెదురుతాయని ఊళ్ళో కొందరు గొణిగేవారు. అవ్వ మాత్రం, "ఎవలో తల్లి కొడుకులు మీద తిరుగుతుండ్రు, సల్లంగ దిగనీ" అనేది. ఎదురుచూపు తెలిసిన తల్లి మాట అది.

తక్కువ ఎత్తులో పోయే కిరణ్‌ను ఎండ పడే వేళ చూస్తే గాజు బుడగలో రెండు హెల్మెట్లు కనిపించేవి. ఒకదాని వెనక ఒకటి కాదు, పక్కపక్కన. అదేమిటో అర్థమైంది నాకు తొమ్మిదేళ్ళప్పుడు.

బేగంపేటలో ఎయిర్‌ఫోర్స్ వాళ్ళు విమానాలు చూపిస్తున్నారని విని నాన్న ఆర్టీసీ బస్సులో తీసుకెళ్ళాడు. జనం తాడు అవతల నిలబడి చూస్తున్నారు. నేను తాడు మీద గడ్డం ఆనించి కిరణ్ ముందు ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. అక్కడ డ్యూటీలో ఉన్న ఎయిర్‌మన్ ఒకాయన వచ్చి, "ఏటి బావూ, అలగ దూరం నించే సూత్తన్నావు? రా, ముట్టుకో, కరవదు" అన్నాడు. ఆయనది శ్రీకాకుళం వైపు అని నాన్న తర్వాత చెప్పాడు. ఆయన యాస నాకు సగం అర్థమైంది, చేయి పట్టి తాడు దాటించడం పూర్తిగా అర్థమైంది.

అరచేయి ఆనించాను. ఎండకు కాలి ఉంది. దూరం నుంచి నున్నటి గిన్నెలా కనిపించిన రేకు మీద దగ్గర నుంచి చూస్తే వరసలు వరసలుగా చుక్కలు. రివెట్లు. వేలితో రాస్తే తగలవు. మా ఎడ్లబండికి కొట్టిన మేకుల తలలు ఇంత ఎత్తున పొడుచుకుని ఉండేవి. వీటికి తలలు లేవేమని అడిగితే, "పైకి ఉంటే గాలికి అడ్డం కదా, రేకులోకి దించేత్తారు" అన్నాడు. కిరసనాయిలు స్టవ్ వాసన వస్తోంది. జెట్ విమానం తాగేది కూడా కిరసనాయిలు జాతి ఇంధనమే అని ఆయనే చెప్పాడు. తర్వాత నన్ను చంకల కింద పట్టి ఎత్తి కాక్‌పిట్ లోపలికి చూపించాడు. రెండు సీట్లు, రెండు కంట్రోల్ స్టిక్కులు. రెండెందుకని అడిగాను.

"ఒకటి నేర్సుకున్నోడికి, ఒకటి నేర్పినోడికి. అ ఆలు రాసినప్పుడు మీ మేష్టారు నీ పక్కన కూకోని సెయ్యి పట్టుకోలేదా? ఇదీ అంతే."

ఆయన పేరు అడగాలని అప్పుడు తోచలేదు. నేను టీచరు కావడానికి ఆ మాటకూ సంబంధం ఉంది. పదో తరగతిలో కళ్ళద్దాలు వచ్చి పైలట్ ఆశ పోయినప్పుడు చాలా ఏడ్చాను. తర్వాత ఎప్పుడో, ఆ రెండో సీటు నాకు వేరే చోట దొరికిందని అనుకున్నాను.

అప్పటి నుంచి కిరణ్ గురించి ఎక్కడ ఏ ముక్క దొరికినా దాచుకున్నాను. దీన్ని గీసింది మన వాళ్ళే. బెంగళూరు హిందుస్తాన్ ఎయిర్‌క్రాఫ్ట్‌లో డాక్టర్ వి.ఎం. ఘాటగే నాయకత్వంలోని బృందం. ఆయన జర్మనీలో, గాలి ప్రవాహాల శాస్త్రానికి పెద్దదిక్కయిన ప్రాంట్ల్ దగ్గర డాక్టరేట్ చేసి వచ్చినవాడు. అంతకు ముందు హెచ్.టి-2 అనే పంకా విమానాన్ని కూడా ఆయన బృందమే తయారు చేసింది. కిరణ్ మొదటిసారి ఎగిరింది 1964 సెప్టెంబరు 4న. 1968 నుంచి దళం చేతికి వచ్చింది. మొదటి రకాలకు పెట్టిన వైపర్ ఇంజను చరిత్ర నాకు మరీ ఇష్టం. బ్రిటన్‌లో దాన్ని మొదట తయారు చేసింది గురిచూసి కాల్చి కూల్చడానికి ఎగరేసే పైలట్ లేని విమానాల కోసం. కొద్ది గంటలు తిరిగితే చాలనుకున్న ఇంజను అది. దాన్నే గట్టిపరిచి శిక్షణ విమానాలకు పెడితే దశాబ్దాల పాటు మన పిల్లలకు ఎగరడం నేర్పింది. తర్వాత వచ్చిన మార్క్-2కు ఆర్ఫియస్ ఇంజను పెట్టారు, 1965 యుద్ధంలో పేరు తెచ్చుకున్న గ్నాట్ యుద్ధవిమానానికి ఉన్న ఇంజనే. మార్క్-1 గొంతు సన్నటి ఈల. ఆ ఈల ఇప్పటికీ నా చెవిలో ఉంది.

దుండిగల్ అకాడమీకి 1967లో రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ గారు పునాదిరాయి వేశారు. ఆ తర్వాత మన దేశపు యుద్ధ పైలట్లలో ఎంతమంది మా తోట మీదుగా పోయి ఉంటారో! 2016 జూన్ 18న దుండిగల్ పరేడులో అవనీ చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ మన దేశపు మొదటి మహిళా ఫైటర్ పైలట్లుగా బ్యాడ్జీలు పెట్టుకున్నారు. ఆ ముగ్గురూ హకీంపేటలో కిరణ్ మీద నేర్చుకున్నవాళ్ళే. ఆ మర్నాటి పేపరులో ఫొటో చూసి మా తొమ్మిదో తరగతి ఆడపిల్లలు నన్ను అడిగిన ప్రశ్నలు అన్నీ ఇన్నీ కావు.

2009లో దీపక్ శిక్షణ విమానాలను ఆపేసినప్పుడు జరిగింది బయట చాలామందికి తెలియదు. పలక పట్టడం నేర్పే విమానం లేకుండా పోయింది. అప్పుడు ఆ పని కూడా కిరణ్ మీదే పడింది. అంతకు ముందు ఏదీ నడపని కుర్రాళ్ళు నేరుగా జెట్‌లో కూర్చుని మొదలుపెట్టారు. 2013లో స్విట్జర్లాండ్ నుంచి పిలాటస్ విమానాలు దుండిగల్ వచ్చేదాకా ఆ బరువు మోసింది ఈ ముసలి విమానమే. కిరణ్ స్థానంలో రావలసిన సితార శిక్షణ జెట్ 2003లోనే మొదటిసారి ఎగిరినా, ఏళ్ళ తరబడి రాలేదు. వారసుడు రాకపోతే పెద్దాయనే పొలానికి పోయినట్టు కిరణ్ పోతూనే ఉంది.

2025 సెప్టెంబరులో చండీగఢ్‌లో మిగ్-21కు వీడ్కోలు చెబితే దేశమంతా టీవీల ముందు కూర్చుంది. నేనూ కూర్చున్నాను, కళ్ళు తడిశాయి. మిగ్-21లో వాడే ఎలక్ట్రానిక్ పరికరాలు మన బాలానగర్ హెచ్.ఎ.ఎల్.లో తయారయ్యేవి, ఆ ఫ్యాక్టరీ పెట్టిందే అందుకోసం. కాబట్టి ఆ గౌరవం మన ఊరికీ చెందుతుంది. కానీ ఆ మిగ్ ఎక్కినవాళ్ళలో ఎంతోమంది అంతకు ముందు ఎక్కిన విమానం కిరణే కదా! యుద్ధం చేసిన విమానానికి పేరుంటుంది, నేర్పిన విమానానికి ఉండదు. కలెక్టరైన వాడికి సన్మానం జరిగే సభలో అ ఆలు నేర్పిన పంతులు వెనక వరసలో కూర్చున్నట్టే ఉంటుంది ఇది.

కిరణ్ గొప్ప చెబుతూ దాని దుఃఖం దాచడం న్యాయం కాదు. 2010 మార్చి 3న బేగంపేట ఎయిర్‌షోలో నౌకాదళపు విన్యాసాల జట్టు సాగర్ పవన్‌కు చెందిన కిరణ్ ఒకటి న్యూ బోయిన్‌పల్లిలో ఇళ్ళ మధ్య కూలింది. కమాండర్ ఎస్.కె. మౌర్య, లెఫ్టినెంట్ కమాండర్ రాహుల్ నాయర్ ఇద్దరూ చనిపోయారు. అప్పుడు నేను బడిలో ఉన్నాను. ఇంటికి వెళితే అవ్వ రేడియో ముందు కూర్చుని ఉంది. తొంభై దాటిన మనిషి. "ఇద్దరు పిల్లలు దిగలేదంట" అని ఒక్క మాట అంది. ఆ రాత్రి అన్నం ముట్టలేదు. మీరు కిరణ్‌ను జనం కోసం పెట్టిన రోజు దాని పక్కన ఒక రాయి మీద, ఆ విమానంలో ప్రాణాలు వదిలిన వాళ్ళందరి పేర్లూ తెలుగులో చెక్కించండి. అది కూడా నా విన్నపంలో భాగమే.

ఇక గేటు ముందు స్తంభం వద్దని ఎందుకంటున్నానో చెబుతాను. స్తంభం ఎక్కించిన విమానం ఎగురుతున్నట్టే ఉంటుంది, చూడ్డానికి బాగుంటుంది. కానీ కింద నిలబడిన పిల్లవాడికి దాని పొట్ట తప్ప ఏమీ కనిపించదు. పైగా చాలావరకు కాపలా ఉన్న గేట్ల దగ్గర ఉంటాయి, ఆగి చూస్తే సెంట్రీ కదలమంటాడు. అది ఆయన డ్యూటీ, తప్పు పట్టను.

ఇంకో రకం కూడా చూశాను. కొన్నేళ్ళ క్రితం ఒక ఇంజనీరింగ్ కాలేజీకి వేరే పని మీద వెళితే వెనకవైపు, పార్కింగు అవతల, ఒక కిరణ్ కనిపించింది. చదువు కోసం తెచ్చుకున్నారట. టైర్లలో గాలి లేదు, ఒక పక్కకు ఒరిగి ఉంది. ఇంజనుకు గాలి వెళ్ళే నోట్లో కందిరీగలు గూడు పెట్టాయి. పైనున్న గాజు ఎండకు పసుపుపచ్చగా మారి బీటలు వారింది. రెక్క మీద ఎవరో తాళంచెవితో రెండు పేర్లు గీసి మధ్యలో గుండె బొమ్మ వేశారు. నేను జేబురుమాలుతో రెక్క అంచు తుడిచాను. రివెట్లు అలాగే ఉన్నాయి, వేలికి తగలకుండా. విమానం ఇచ్చి ఊరుకుంటే సరిపోదని, దాన్ని చూసుకునే మనిషిని కూడా ఏర్పాటు చేయాలని ఆ రోజు గట్టిగా అనిపించింది.

సరైన పద్ధతి మనకు దగ్గర్లోనే ఉంది. విశాఖ బీచ్‌రోడ్డులో కురుసుర జలాంతర్గామి 2002 నుంచి మ్యూజియం. దాని ఎదురుగా నౌకాదళపు నిఘా విమానం టీయూ-142. ఇరవై తొమ్మిదేళ్ళు ప్రమాదం లేకుండా 30,000 గంటలు ఎగిరి, 2017లో విరమించుకుని, తన రెక్కల మీద తానే విశాఖ వచ్చి దిగింది. ఆ ఏడాది డిసెంబరు 7న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ గారు దాన్ని జనానికి అప్పగించారు. కురుసుర లోపల రిటైరైన నేవీ వాళ్ళు దగ్గరుండి చూపిస్తారు. తాము పడుకున్న మంచం చూపించి చెప్పే మనిషికీ, గోడకు తగిలించిన బోర్డుకూ పోలికే లేదు.

మా బడి పిల్లలను అక్కడికి విహారయాత్రకు తీసుకెళ్ళాను. ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతి టీయూ-142 చక్రాల దగ్గర కూర్చుండిపోయింది. వాళ్ళ నాన్న లారీ డ్రైవరు. టైరు మీద చేయి పెట్టి, దిగేటప్పుడు ఇవి అప్పటిదాకా తిరగకుండా ఉండి ఒక్కసారిగా తిరగాలి కదా సార్, రబ్బరు కాలదా అని అడిగింది. కాలుతుంది, రన్‌వే మీద నల్లటి చారలు అవే అని చెప్పాను. ఆమె కాసేపు ఆలోచించి అడిగింది: "మనూరి మీద తిరిగేటిదానికి గూడ ఇట్లనే ఉంటయా సార్? అది చూసుడు ఎట్ల?"

దాదాపు ఏడు వందల కిలోమీటర్లు రైల్లో పోయి నౌకాదళ విమానం చక్రం ముట్టుకున్న పిల్ల, రోజూ తన బడి మీద ఎగిరే విమానాన్ని ముట్టుకోలేదు. నా దగ్గర జవాబు లేదు. ఈ లేఖకు కారణం ఆ ప్రశ్నే.

కాబట్టి నేను కోరేది ఇది. విమానాన్ని అకాడమీ చుట్టుపక్కల ఊళ్ళలోనే పెట్టండి. హుస్సేన్‌సాగర్ ఒడ్డున పెడితే ఎక్కువమంది చూస్తారని మీరు అనవచ్చు, నిజమే. 2024 డిసెంబరులో వైమానిక దళపు విన్యాసాల జట్టు సూర్యకిరణ్ ట్యాంక్‌బండ్ మీద ఎగిరినప్పుడు వచ్చిన జనాన్ని నేనూ చూశాను. కానీ అకాడమీకి వేల ఎకరాలు వచ్చింది ఈ వైపు నుంచే. యాభై ఏళ్ళు ఆ చప్పుడు విన్నదీ ఈ వైపు జనమే. గండిమైసమ్మ, మేడ్చల్, శామీర్‌పేట, ఎక్కడైనా సరే, బస్సు దిగి పిల్లలు నడిచి రాగలిగే చోటు కావాలి. పైన మంచి రేకుల కప్పు ఉండాలి, లేదంటే మన ఎండలకు ఆ గాజు అయిదేళ్ళు నిలవదు. సీట్లలోని పేలుడు గుళికలు తీసేసి, పదును అంచులకు తొడుగులు వేసి, రెండు వైపులా మెట్లు పెట్టండి. ఎడమ సీట్లో ఒకరు, కుడి సీట్లో ఒకరు కూర్చోవాలి. స్టిక్ పక్కకు వంచితే రెక్క చివర పలక లేవడం, రెండో స్టిక్ కూడా దానితోపాటే వంగడం పిల్లలు కళ్ళారా చూడాలి. పక్కనే ఒక వైపర్ ఇంజనును అడ్డంగా కోసి పెడితే, గాలి లోపలికి వచ్చి, నొక్కుకుని, మండి, వెనక్కి తన్నే దారి మొత్తం కనిపిస్తుంది. నేను పదిహేను రోజులు బోర్డు మీద గీసి చెప్పేది వాళ్ళకు పది నిమిషాల్లో తెలుస్తుంది. బోర్డులు తెలుగులో, ఉర్దూలో రాయించండి. చూపించడానికి రిటైరైన ఎయిర్‌మెన్‌ను పెట్టండి. అల్వాల్, బొల్లారం, తిరుమలగిరి కాలనీల్లో అలాంటి పెద్దలు ఎంతోమంది ఉన్నారు. అడిగితే కాదనరు.

దీనికయ్యే ఖర్చు ఎవరు పెట్టాలి, స్థలం ఎవరు ఇవ్వాలి అన్న దగ్గర ఇలాంటివి ఆగిపోతాయని నాకు తెలుసు. అందుకే ఈ లేఖ దళానికి ఒక్కటే కాకుండా రాష్ట్ర ప్రభుత్వానికి కూడా రాస్తున్నాను. విమానం దళం ఇవ్వాలి, నేల రాష్ట్ర ప్రభుత్వం ఇవ్వాలి. ఒకరినొకరు అడిగే లోపు ఆ విమానాలు తుక్కుకు పోకూడదు.

అవ్వ 2011లో పోయింది. ద్రాక్షతోట అంతకు ముందే పోయింది. ఒక రాతి కడీ మాత్రం మా ఇంటి ముందు ఉంది, దాని మీద కూర్చునే ఈ ఉత్తరం రాస్తున్నాను. ఆ అమ్మాయి ఇప్పుడు పదో తరగతికి వచ్చింది, వచ్చే ఏప్రిల్‌లో బడి వదిలి వెళ్ళిపోతుంది. ఈలోగా ఒక్క పూట, ఏ హ్యాంగర్‌లోనైనా, మీ నియమాలు ఒప్పుకున్నంత దూరం నుంచైనా కిరణ్ చూపిస్తామంటే కబురు చేయండి. మా బడి నుంచి దుండిగల్ గేటుకు బస్సులో నలభై నిమిషాలు. ముప్పై ఎనిమిది మంది పిల్లలు, టిఫిన్ డబ్బాలు మావే తెచ్చుకుంటాం.

ఇట్లు,
మేడ్చల్ వైపు నుంచి ఒక సైన్సు టీచరు